సెర్చి ఇంజను: అది పుటలను కనుగొను విధము, వరుస పెట్టు విధము

ఎరువుల పంపకము జరుగు దినములలో సంఘ కార్యాలయపు వసారాలో కూర్చున్నవారికి ఒక మాట తరచుగా వినబడుచుండును. "ఫోన్ల ముందుగాల వచ్చింది గద సారూ, అది ఎట్ల తప్పయితది?" ఈ ప్రశ్న వేయువారు చదువురానివారు కారు. కందిలో ఎండు తెగులును దూరమునుండియే గుర్తుపట్టగలవారు, తాండూరు మార్కెట్టులో దళారి పలుకు ధరను విని వెంటనే లెక్క కట్టగలవారు. ఫోను తెరమీద అన్నిటికంటె పైన నిలిచినది అన్నిటికంటె నిజమైనదని మాత్రము వారికొక నమ్మకము కుదిరినది. ఈ నమ్మకమువలన గడచిన రెండేండ్లలో మన మండలమున కొందరికి ధననష్టము కలిగినందున, ఆ పైవరుస యెట్లేర్పడునో మన సభ్యులకు వివరముగా తెలుపుట అవసరమని తోచినది.

మొదట ఒక భ్రమ తొలగవలయును. మనము ఫోనులో రెండు మాటలు వ్రాసి వ్రేలితో నొక్కగనే ఆ యంత్రము లోకమంతయు తిరిగి వెదకి వచ్చుచున్నదని పలువురు తలచెదరు. అట్లు కాదు. అర నిమిషమైనను పట్టకుండ జవాబు వచ్చుటకు కారణము, అది అంతకుముందే తిరిగి వచ్చి, చూచినదంతయు వ్రాసి పెట్టుకొని యుండుటయే. మనమడిగినప్పుడు అది తన చిట్టాను మాత్రమే తిరుగవేయును. కావున చిట్టాలో నెక్కని పుట, అది యెంత మంచిదైనను, మనకు కనబడదు.

ఈ తిరుగుడు పని జనాభా లెక్కలవాని పనివంటిది. క్రొత్త ఊరికి వచ్చిన లెక్కలవాడు మొదటి యింటివారిని, "మీ ప్రక్కన నెవరున్నారు, ఆ వెనుక సందులో నెవరున్నారు?" అని యడిగి, వారు చూపిన యిండ్లకు పోవును. అక్కడివారు మరికొన్ని యిండ్లు చూపెదరు. అంతర్జాలమున ఒక పుటనుండి మరియొక పుటకు పోవుటకు లంకెలుండును. యంత్రముచే పంపబడిన యీ లెక్కలవాడు లంకె వెంట లంకె పట్టుకొని రాత్రింబవళ్లు నడచుచునేయుండును. ఇట్లు సేకరించిన పుటలు వందలకొలది శతకోట్లున్నవని గూగులు సంస్థ స్వయముగా చెప్పుచున్నది. ఏ పుటనుండియు లంకె లేని పుట, గట్టు బాటలేని చేనిలోని బావి వంటిది. నీరున్నను దారి తెలియదు. ఈ లెక్కలవానికి "లోనికి రావలదు" అని చెప్పు పలక నొకదానిని ద్వారమువద్ద నుంచు పద్ధతి 1994లో నేర్పడినది. "మా యింటిలో నిన్ని గదులున్నవి, ఇవి చూడుము" అని పట్టిక నిచ్చు పద్ధతి 2005లో వచ్చినది.

లెక్కలవాడు అన్ని యిండ్లకును సమానముగా రాడు. వార్తాపత్రికల పుటలకు దినమునకు పలుమారులు వచ్చును. చిన్న సంఘముల పుటలకు కొన్ని వారములకో నెలలకో యొకసారి వచ్చును. కందుల ధర అడిగినప్పుడు కొన్నిమారులు పాత సంవత్సరపు ధర కనబడుటకు ఇదియొక కారణము. మరియొక కారణము గలదు. 2000 సంవత్సరమున నేర్పడిన అగ్‌మార్క్‌నెట్‌లోను, 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లోను ధరలు పుటపై పరచి యుండవు. రాష్ట్రము, మార్కెట్టు, సరుకు, తేదీ అను గడులు నింపినగాని ఆ పెట్టె తెరచుకొనదు. లెక్కలవానికి నడచుట తెలియునుగాని, ఇట్టి గడులు నింపుట సామాన్యముగా అతని పని కాదు. కావున నేటి ధర కావలసినవారు సెర్చి ఇంజను నడుగక, నేరుగా ఆ పెట్టెలయొద్దకే పోయి గడులు నింపుట మేలు.

ఇక చిట్టా సంగతి. మిషను పాఠశాలలో చదువుకొనిన నావంటివారికి దీనిని గ్రహించుట సులభము. మా ఉపాధ్యాయుల బల్లమీద క్రూడెన్ అను నాతడు 1737లో ప్రకటించిన లావుపాటి పుస్తకమొకటి యుండెడిది. అందు బైబిలులోని ప్రతి ముఖ్యమైన మాటయు అకారాదిగా వ్రాసి, అది యే గ్రంథమున నే యధ్యాయమున నే వచనమున వచ్చునో చూపబడి యుండెను. "విత్తువాడు" అను మాట చాలును, వచనము దొరకెడిది. గ్రంథమున పుట తరువాత మాటలుండును. ఇందు మాట తరువాత పుటలుండును. సెర్చి ఇంజను చిట్టాయు సరిగా నిట్టిదే. "కంది" యను మాటకు ఎదురుగా ఆ మాటగల పుటలన్నియు, "ఎండు"కు ఎదురుగా కొన్ని, "తెగులు"కు ఎదురుగా కొన్ని వ్రాయబడి యుండును. మూడును కలిపి యడిగినప్పుడు మూడు జాబితాలలోను ఉన్న పుటలను తీసి చూపును. 

మాటలన్నిటికిని ఒకే తూకము లేదు. ఎక్కడపడిన నక్కడ కనబడు మాటకు తక్కువ బరువు, అరుదుగా కనబడు మాటకు ఎక్కువ బరువు అను నియమమును కేరెన్ స్పార్క్ జోన్స్ అను ఆంగ్ల విదుషి 1972లో ప్రతిపాదించెను. మనకు దీని ప్రయోజనము చాల గలదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వారి "ఆశ" యను కంది రకము ఎండు తెగులును, గొడ్డుమోతు తెగులును తట్టుకొనునదని మీరెరుగుదురు. ఫోనులో "ఆశ" అని మాత్రమే వ్రాసి చూడుడు, పాటలును సినిమాలును వరుసగా వచ్చును. "ఐసీపీఎల్ 87119" అని వ్రాసినచో విత్తనమే వచ్చును. అట్లే "కంది" యని యొక్క మాట వ్రాసినవారికి సంగారెడ్డి జిల్లాలోని కంది గ్రామమును, అచ్చటి ఐ.ఐ.టి. యును ఎదురుపడవచ్చును. యంత్రము తప్పు చేయలేదు. అడిగినవాడు పంటయో ఊరో చెప్పలేదు, అంతియే.

మన ఊరి పేరు విషయమున నిక్కట్టు మరింత యెక్కువ. కొందరు బషీరాబాద్ అనియు, కొందరు బషీరాబాదు అనియు, మరికొందరు బశీరాబాద్ అనియు వ్రాసెదరు. ఇంగ్లీషులో వ్రాయు విధములు వేరు. పైగా ఈ పేరు మన యొక్క ఊరిదే కాదు. హైదరాబాదు చెంత కుత్బుల్లాపూర్ ప్రక్కనను ఒక బషీరాబాద్ గలదు. అచ్చటిది కర్మాగారముల ప్రాంతము. ఊరి పేరు మాత్రమే వ్రాసి ట్రాక్టరు అద్దెకై వెదకినవానికి జీడిమెట్ల షెడ్లు చూపబడుటలో వింత లేదు. తాండూరు అనియో వికారాబాద్ జిల్లా అనియో చేర్చిన చిక్కు విడును. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలేర్పడువరకు మనది రంగారెడ్డి జిల్లాయే యైనందున, పాత కాగితములు వెదకువారు ఆ పేరును కూడ వ్రాసి చూడవలయును. ఎల్ల దాటి సేడం వైపు పోయినచో కందినే తొగరి యందురు. హిందీవారు అర్హర్ అనియు తూర్ అనియు అందురు. ఒక మాటతో దొరకనిది మరియొక మాటతో దొరకవచ్చును.

తెలుగు విషయమున ఇంకొక పెద్ద అడ్డంకి చాలకాల ముండెను. మన లిపికి యూనికోడ్ అను సర్వదేశ సమ్మతమైన అంకెల యేర్పాటులో 1991లోనే స్థానము దొరకినను, ఆ తరువాత పదునేను సంవత్సరములకు పైగా తెలుగు పత్రికలు తమ తమ సొంత అక్షరములతోనే అంతర్జాలమున ప్రకటించుచుండెను. కంటికి "వరి" యని కనబడినను యంత్రమునకు అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల కుప్ప. అందుచేత అవన్నియు ఉండియు లేనట్లే యయ్యెను. ఆ కుప్పలను సరియైన తెలుగుగా మార్చుటకు నాగార్జున వెన్న యను నాతడు "పద్మ" యను పరికరమును చేసి ఉచితముగా నిచ్చెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొదటినుండియు సరియైన లిపిలోనే నడచినందున నేడు తెలుగులో ఏది వెదకినను అది పైవరుసలలో కనబడుచున్నది. ఈ బాధ పూర్తిగా తీరినదని చెప్పజాలను. అచ్చుశాలలలో "అను" అక్షరములతో కూర్చిన పత్రములు అట్లే అంతర్జాలమున పెట్టబడుచున్నవి. పంట సలహాలు బొమ్మగా వాట్సాపున తిరుగుచున్నవి. వాట్సాపులో తిరుగునది సెర్చి ఇంజను చిట్టాకెక్కనే యెక్కదు. బొమ్మలోని అక్షరములను చదువ యంత్రము కొంత నేర్చినదిగాని, తెలుగు గుణింతములు దానికింకను తడబాటే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. మూడు మాటలును గల పుటలు లక్ష దొరకినచో, మొదట దేనిని నిలుపవలయును? తొలినాటి యంత్రములు ముఖ్యముగా మాట ఎన్నిమారులు వచ్చినదో లెక్కించెడివి. వర్తకులు దీనిని పసిగట్టి, తమ పుటలలో ఒకే మాటను వందలమారులు, కంటికి కనబడకుండ తెల్లకాగితముపై తెల్లసిరాతో వ్రాసినట్లు, నింపసాగిరి. ఫలితముగా పనికిమాలినది పైకెక్కెను. 1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదువుచుండిన లారీ పేజ్, సెర్గే బ్రిన్ అను నిద్దరు యువకులు వేరొక మార్గమును ప్రకటించిరి. అప్పటికి వారి చిట్టాలో 2 కోట్ల 40 లక్షల పుటలుండెను. వారి మార్గమేమనగా, పుట తనను గూర్చి తాను చెప్పుకొను మాటలను మాత్రమే నమ్మక, ఇతరులు దానిని గూర్చి యేమి చెప్పుచున్నారో చూడవలెనని.

ఎద్దులను కొనబోవునప్పుడు మన పెద్దలు చేయుచుండినదియు నిదియే గదా. అమ్మువాని మాట కాక, ఆ యూరిలో నలుగురి నడిగెడివారు. ఆ నలుగురిలోను పశువుల నెరిగిన పెద్దకాపు మాటకు ఎక్కువ విలువ, దారినపోవువాని మాటకు తక్కువ విలువ. పెద్దకాపు పెద్ద యగుట యెట్లు? ఇతర పెద్దలు అతనిని మన్నించుటచేత. అంతర్జాలమున ఒక పుటనుండి మరియొక పుటకు లంకె వేయుట ఒక సాక్ష్యము వంటిది. గొప్ప పుట వేసిన లంకెకు బరువు ఎక్కువ. అయితే ఆ పెద్ద తన మాటను పదిమందికి పంచినచో, ఒక్కొక్కరికి వచ్చునది పదియవ పాలు మాత్రమే. ఇద్దరిని మాత్రమే మెచ్చినచో చెరి సగము వచ్చును.

"పెద్దను పెద్ద చేయునది మరియొక పెద్ద యైనచో లెక్క యెక్కడ మొదలగును?" అని మీరడుగవచ్చును. మంచి ప్రశ్నయే. మొదట అన్ని పుటలకును సమానమైన విలువ నిచ్చి, లంకెల ప్రకారము పంచి, వచ్చిన విలువను మరల పంచి, ఇట్లు పలుమారులు చేయగా కొంతసేపటికి అంకెలు కదలక నిలిచిపోవును. కాలువలలో నీరు వదలి, మడులన్నిటిలోను మట్టము నిలకడకు వచ్చువరకు చూచుట వంటిది. ఒక మూలలో నీరు చిక్కుకొని పోకుండుటకు వారొక యుక్తి చేసిరి. దారిన పోవు బాటసారి నూటికి 85 మారులు ఎదుట కనబడు లంకెను పట్టుకొని పోవుననియు, 15 మారులు విసుగుచెంది ఎక్కడికో దుముకుననియు లెక్కించిరి. ఆ బాటసారి యే పుటలో నెక్కువసేపు కనబడునో ఆ పుట గొప్పది. దీనికి లారీ పేజ్ పేరు కలిసివచ్చునట్లు "పేజ్‌ర్యాంక్" అని పేరిడిరి. 

సాక్ష్యమునకు విలువ వచ్చిన చోట దొంగసాక్షులు పుట్టుదురు. పుటలు వేలకొలది సృష్టించి ఒకదానికొకటి లంకెలు వేసి డబ్బు పుచ్చుకొను వృత్తియే బయలుదేరెను. గూగులువారు 2011లో "పాండా" యను పేరున సరుకులేని పుటలను, 2012లో "పెంగ్విన్" అను పేరున దొంగలంకెల పుటలను క్రిందికి దింపు మార్పులు చేసిరి. నేడు లంకెలు అనేక గుర్తులలో నొకటి మాత్రమే. మనమున్న చోటు, మన భాష, పుట యెంత క్రొత్తది, ఫోనులో సరిగా తెరచుకొనునా లేదా, ఇవన్నియు చూచెదరు. 2019నుండి మాటల పొందికనుబట్టి అడిగినవాని భావమును గ్రహించు పద్ధతియు చేరినది. అందుచేతనే తాండూరులో కూర్చుండి యడిగినవానికిని, గుంటూరులో నుండి యడిగినవానికిని ఒకే వరుస రాదు. ఈ రంగమున గూగులు ఒక్కటియే లేదు. మైక్రోసాఫ్ట్ వారి "బింగ్" 2009లో వచ్చినది. హైదరాబాదులో పుట్టి 2014లో ఆ సంస్థకు అధినేతయైన సత్య నాదెళ్ల, అంతకుముందు ఆ వెదకు యంత్రపు సాంకేతిక విభాగమును నడిపినవాడే.

వరుసలు పెట్టువాడు పూర్తిగా నిష్పక్షపాతియని నమ్మవలసిన పని లేదు. అన్నిటికంటె పైన కనబడు కొన్ని పుటలు వేలముపాటలో స్థలము కొనుక్కొన్నవి. వాటిపై "స్పాన్సర్డ్" అను చిన్న అక్షరముల ముద్ర యుండును. సంతలో ముందువరుస అంగడి స్థలమునకు ఎక్కువ కిరాయి యిచ్చినవాని వంకాయలు తప్పక లేతవై యుండవలెనా? 2018 ఫిబ్రవరిలో మన దేశపు పోటీ కమిషన్, వెదకు ఫలితములలో పక్షపాతము చూపినదని గూగులుకు సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2024 ఆగస్టులో అమెరికా న్యాయస్థానమొకటి, ఆ సంస్థ వెదకు వ్యాపారమున గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను.

నష్టపోయినవారి సంగతి చెప్పవలసి యున్నది. మన సభ్యులలో నొకరి మందు చల్లు యంత్రము పాడై, మరమ్మతుకై ఆ తయారీదారుల ఫోను నంబరు వెదకెను. పైవరుసలో వచ్చిన నంబరుకు పిలువగా, అవతలివాడు మర్యాదగా మాటలాడి, పది రూపాయలు నమోదు రుసుము కట్టుమని యొక లంకె పంపెను. ఆ లంకె తెరచిన గడియకే కంది అమ్మిన సొమ్ములో పెద్దభాగము పోయినది. ఆ నంబరు తయారీదారులది కాదు. పటములలో కనబడు అంగళ్ల వివరములకు ఎవరైనను సవరణలు సూచింపవచ్చును గనుక, మోసగాండ్రు నంబర్లు మార్చుటయు, క్రొత్త పేర్లతో దొంగ అంగళ్లు పెట్టుటయు గలదు. యంత్రమునకు ఆ నంబరు వెనుకనున్న మనిషి యెవరో తెలియదు. నంబరు కావలెనన్న యంత్రపు డబ్బామీద, రసీదుమీద, వారంటీ కాగితముమీద అచ్చయినదానినే వాడుడు. పీఎం-కిసాన్ వంటి ప్రభుత్వ పథకముల పుట యైనచో దాని విలాసము చివర "గవ్ డాట్ ఇన్" అనియో "ఎన్ఐసీ డాట్ ఇన్" అనియో యుండవలయును. ఆ రెండు తోకలును ప్రభుత్వమువారికి తప్ప ఇతరులకు దొరకవు. ఆ మాటలు విలాసపు నడుమ నున్నచో లెక్కలోనికి రాదు, చివర నుండవలయును. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు పిలువవలయును. మొదటి గంటలలో చెప్పినచో సొమ్ము దారిలోనే ఆపుటకు వీలుండును.

ఈ మధ్య పైవరుసకంటెను పైన యంత్రమే సొంతముగా కూర్చిన జవాబు కనబడుచున్నది. మన దేశమున నిది 2024లో వచ్చినది. పలు పుటలలోని మాటలు కలిపి వ్రాయునది గనుక చదువుటకు సొంపుగానే యుండును. అయితే ఒక పుటలో ఎకరమునకు చెప్పిన మోతాదును మరియొక పుటలో హెక్టారుకు చెప్పినదానితో కలిపినచో చేను మాడిపోవును. మందు మోతాదు విషయమున సీసాపై నంటించిన చీటీయు, తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానమువారి మాటయు ప్రమాణము. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరున తెలుగులో ఉచితముగా జవాబు దొరకును.

చివరగా మన సరుకు మాట. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. దానికై దరఖాస్తు పెట్టినది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంఘము. ఎల్లకవతల గుల్బర్గా కందిపప్పుకు 2019లోనే ఈ గుర్తింపు వచ్చెను. ఇప్పుడు పట్టణవాసి యొకడు "తాండూరు కందిపప్పు" అని వెదకినచో మొదట కనబడునది పండించినవాడు కాకపోవచ్చును. డబ్బిచ్చి స్థలము కొన్న వర్తకుడు కావచ్చును. తాండూరు పేరు పెట్టుకొనిన ప్రతి సంచిలోను మన నల్లరేగడి కందియే యున్నదని యంత్రము పరీక్షింపదు. గుర్తింపు చట్టము పేరును కాపాడునుగాని వరుసలో పైకెక్కింపదు. ఆ పని మనమే చేసికొనవలయును.

సంఘమునకు సొంత పుట యొకటి యుండవలెనను ప్రస్తావన వచ్చియున్నది గనుక నాకు తోచినది వ్రాయుచున్నాను. పుటపై మాటలు బొమ్మలుగా గాక యూనికోడు తెలుగులో నుండవలయును. క్రింద ఇంగ్లీషున రెండు వాక్యములుండవలయును, కొనువారు ఆ భాషలో వెదకుదురు గనుక. శీర్షికలో "మా సంఘము" అని గాక, తాండూరు కంది, బషీరాబాద్ మండలము, వికారాబాద్ జిల్లా అను మాటలు స్పష్టముగా నుండవలయును. ధర వ్రాసినచో తేదీ వ్రాయవలయును. జిల్లా ప్రభుత్వపు పుటనుండియు, వ్యవసాయ విశ్వవిద్యాలయపు పుటనుండియు లంకె నడుగుట మంచిది. అవి పెద్దకాపు సాక్ష్యములు. నెలకు కొంత సొమ్మిచ్చినచో మొదటివరుసలో నిలిపెదమని ఫోను చేయువారిని దూరముగా నుంచుడు. ఆ మాట యిచ్చు అధికారము గూగులువారు ఎవరికిని ఇయ్యలేదు.

పుట వ్రాయుటకు ప్రతి సభ్యునినుండి కావలసినవి నాలుగు: ఏ రకము విత్తినారు, ఎన్ని ఎకరములు, ఏ నేల, కోత యే వారమున. ఇవి కాగితముపై వ్రాసి కార్యదర్శిగారి కిచ్చినచో చాలును. ఊరి పేరు మాత్రము అందరును ఒకే విధముగా వ్రాయుడు.